వెండి గ్లాసులో నీళ్లు తాగినందుకు

తాండూరు నుంచి

అన్నకు, పక్కన కూర్చుని వింటున్న అమ్మకు, వదినకు మీ పద్మ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాము. మీరందరూ బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? చలి మొదలైంది కదా, పొద్దున లేవగానే చన్నీళ్లలో చేతులు పెట్టనివ్వకు. వదినకు వేవిళ్లు తగ్గాయా? పులుపు తినాలనిపిస్తే ఆపుకోవద్దని చెప్పు. బర్రె ఈనిందా? ఈనితే దూడ ఏదో రాయి.

పైన తాండూరు అని చూసి ఉలిక్కిపడి ఉంటావు. నిజమే అన్నా, మేము ఇప్పుడు వికారాబాద్‌లో లేము. ఫంక్షన్ హాలు పని పోయింది. హాలు వెనక ఇచ్చిన గది కూడా పోయింది. భయపడకండి. మీ బావకు ఇక్కడ బండల పాలిష్ కంపెనీలో పని దొరికింది. వండుకుంటున్నాము, తింటున్నాము, నిద్రపోతున్నాము. ఏ లోటూ లేదు.

మమ్మల్ని ఆ హాలులో పెట్టించింది మామ కాబట్టి, ఈపాటికి మామ మన ఇంటికి వచ్చి గొంతు చించుకుని ఉంటాడు. రాకపోతే రేపో ఎల్లుండో వస్తాడు. హాలు సారు ఏం చెప్పాడో అదే చెప్తాడు. నేను చూసింది మాత్రం నేనే చెప్పాలి. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మీ బావతోనే పనికి పోతుంది. సాయంత్రం వచ్చాక మాట్లాడితే పక్క గదుల వాళ్లందరికీ వినబడుతుంది. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. బడిలో టీచరు లేపి అడిగితే వచ్చిన పాఠం కూడా మరిచిపోయేదాన్ని. రాస్తే వరుసగా వస్తుంది. అమ్మకు నిమ్మళంగా చదివి వినిపించు. అమ్మకు కోపం వచ్చిన చోట ఆపేయకు, చివరిదాకా చదువు.

హాలు సంగతి మీకు సగమే తెలుసు. పెళ్లి ఉన్న రోజు మనుషులే మనుషులు. లేని రోజు పైన రేకుల్లో పావురాలు, కింద నేను. మీ బావ కరెంటు, నీళ్ల ట్యాంకు, గేటు చూసుకునేవాడు. నేను వంటింట్లో గిన్నెలు తోమి, చాయ్ పెట్టి, వచ్చిన వాళ్లకు నీళ్లు ఇచ్చేదాన్ని. హాలు ఓనరు సారు ఇల్లు హాలు పక్కనే. సారు భార్యను అందరూ మేడం అంటారు. మంచిగానే చూసింది. పాత చీరలు ఇచ్చింది. మిగిలిన స్వీట్లు ఇచ్చింది. అందుకే మొదట్లో నాకు ఏదీ తప్పుగా కనిపించలేదు.

ఒకసారి డప్పు వాయించడానికి వచ్చిన వాళ్లకు స్టీలు గ్లాసుల్లో చాయ్ పోస్తున్నాను. మేడం వచ్చి నా చేతిలో ట్రే తీసుకుంది. “వాళ్లకు కాగితం గ్లాసులల్ల పొయ్యే. తాగి పారేసి పోతరు, నీకు తోముడు తప్పుతది” అన్నది. నా కష్టం చూసి అన్నదని సంతోషపడ్డాను. తర్వాత పెళ్లివారు వచ్చారు, పూజారి వచ్చాడు, వడ్డీ వ్యాపారం చేసే ఆయన వచ్చాడు. అందరికీ స్టీలు గ్లాసులే. అప్పుడు నా తోముడు ఎవరికీ గుర్తు రాలేదు. హాలు ఊడ్చే ఆడవాళ్లు వస్తే మళ్లీ కాగితం గ్లాసులు. నోటితో ఎవరూ ఏమీ అనరు. మేడం కళ్లతో చూపిస్తుంది, అంతే. కొన్నాళ్లకు చూపించకుండానే నా చెయ్యి కాగితం గ్లాసు మీదికి పోవడం మొదలైంది.

ఇంకో గ్లాసు ఉండేది. వెండిది. దాన్ని పూజ గది అల్మారాలో పెట్టి తాళం వేసేవాళ్లు. పెద్ద నాయకులు వస్తేనే బయటికి తీస్తారు. నా ఉత్తరమంతా ఆ గ్లాసు గురించే.

సారుకు మున్సిపల్ ఎన్నికల్లో నిలబడాలని ఉంది. పోయిన నెల హాలులో ఒక సభ పెట్టించాడు. అమెరికా నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. పేరు మార్తా. మనవాళ్లు మార్తమ్మ అన్నారు. నల్లజాతి మనిషి. వాళ్ల దేశంలో నల్లవాళ్లను తెల్లవాళ్ల పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదట, హోటల్లో తిననిచ్చేవాళ్లు కాదట, ఓటు కూడా వేయనిచ్చేవాళ్లు కాదట. ఆ కాలంలో వాళ్ల చిన్న ఊళ్లో కొట్లాడిన వాళ్లలో ఈమె ఒకతె. వికారాబాద్‌లో ఒక పంతులమ్మ ఆమెను పిలిచింది. ఇక్కడి పల్లెల్లో అలాంటి పని చేసిన ఆడమనిషిని నాకు చూపించు అని మార్తమ్మ అడిగితే, పంతులమ్మ మొగులమ్మను పిలిచింది.

మొగులమ్మది తాండూరు దిక్కు పల్లె. ఎస్సీ కాలనీ మనిషి. ఆమె వయసులో ఉన్నప్పుడు వాళ్ల ఊరి చాయ్ హోటల్లో వాళ్ల గ్లాసులు వేరుగా బయట దిమ్మె మీద ఉండేవట. తాగి, వాళ్లే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి పోవాలి. మొగులమ్మ తన వాడ ఆడవాళ్లను తీసుకుని రోజూ పొద్దున పోయి చాయ్ అడిగేదట. ఆ గ్లాసులో పోసి ఇస్తే ముట్టకుండా ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లు. చాయ్ చల్లారిపోయేది. వాళ్లు లేచి కూలికి పోయేవాళ్లు. మర్నాడు మళ్లీ అంతే. కూలికి పిలిచేవాళ్లు పిలవడం మానేసినా కూర్చోవడం మానలేదట. చివరికి హోటలాయనే విసుగొచ్చి ఆ గ్లాసులు తీసేశాడట.

ఇంత చేసిన మనిషికి ఆ రోజు ఇచ్చిన మర్యాద విను. హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. సారు బొమ్మ తలుపంత, మార్తమ్మ బొమ్మ తపాలా బిళ్లంత. మొగులమ్మ బొమ్మ లేదు, పేరు లేదు. స్టేజీ మీద కుర్చీలన్నీ సారు మనుషులకు. మొగులమ్మను కింద పక్క వరుసలో, స్పీకరు డబ్బా పక్కన కూర్చోబెట్టారు. నేను నీళ్లు ఇవ్వబోయాను. నా చేతిలో అలవాటుగా కాగితం గ్లాసే ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

“గిది కొత్తది మొదలువెట్టిన్రా బిడ్డా? మంచిగుంది. మా కాలంల మేమే కడుక్కుంటుంటిమి, ఇప్పుడు ఆ కష్టం గుడ లేకుంట చేసిన్రు.”

ఆమె తాగకుండా గ్లాసును కుర్చీ కింద పెట్టింది.

మార్తమ్మ కారు దిగింది. తెల్లటి పొట్టి జుట్టు, చేతిలో కర్ర, నీలం గౌను. అందరికీ నవ్వుతూ దండం పెట్టింది. మేడం నా వెనకే నిలబడి ఉంది. “అమెరికా అంటే తెల్లగుంటరనుకున్న. గిట్లున్నదేంది, మన కూలోళ్ల తీరు?” అని సారుతో అన్నది. సారు నవ్వు ముఖం చెదరకుండానే, “మెల్లగ మాట్లాడు, ఫారిన్ గెస్టు. పేపరోళ్లు వచ్చిన్రు. వెండి గ్లాసు తియ్యి” అన్నాడు.

అందరూ మాట్లాడారు. సమానత్వం, సమానత్వం అని సారు గొంతు బొంగురు పోయేదాకా అరిచాడు. మార్తమ్మ మాత్రం కూర్చునే మాట్లాడింది. ఆమె చెప్పింది పంతులమ్మ తెలుగులో చెప్పింది. నాకు గుర్తున్నంత రాస్తాను.

“మా ఊరికి పెద్ద నాయకులు వచ్చి పోయారు. వాళ్ల పేర్లు లోకానికి తెలుసు. రోజూ మమ్మల్ని నడిపించింది మాత్రం మా వీధిలో ఇళ్లకు పోయి బట్టలు ఉతికే ఆమె. మా మీటింగులు ఆమె వంటింట్లోనే జరిగేవి. నాకు అప్పుడు పదహారేళ్లు. తెల్లవాళ్ల హోటల్లో పోయి కూర్చోండి, కొట్టినా చెయ్యి లేపకండి అని మాకు నేర్పింది ఆమే. మేము కూర్చున్నాము. నెత్తిన ఉప్పు పోశారు, వేడి కాఫీ పోశారు. కదల్లేదు. ఆమె ఓటుకు పేరు రాయించుకోవడానికి పోయిందని భూమి యజమాని ఇల్లు ఖాళీ చేయించాడు. గుడారం వేసుకుని, అందులో నుంచే మాకు వండి పెట్టింది. ఆమె బొమ్మ ఎక్కడా లేదు.”

అని ఆగి, కళ్లు తుడుచుకుని, “నన్ను కలవడానికి ఒక చెల్లెలు వచ్చిందన్నారు, ఆమె ఎక్కడ?” అని అడిగింది. సారు “పిలుస్తం, పిలుస్తం, చివర్ల పిలుస్తం” అన్నాడు. మార్తమ్మ కర్ర పట్టుకుని లేచి తనే మెట్ల దాకా వచ్చింది. ఇక పిలవక తప్పలేదు. మొగులమ్మ స్టేజీ ఎక్కింది. తన మనుషుల్లో ఒకరిని లేపి సారు కుర్చీ ఇప్పించాడు. ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు, పంతులమ్మ వంగి చెవిలో చెప్తుంటే నవ్వుతున్నారు.

అప్పుడే మేడం నా చేతికి వెండి గ్లాసు ఇచ్చి పంపింది. అందులో నిమ్మకాయ నీళ్లు. మార్తమ్మకు ఇచ్చాను. ఆమె మనలా పైనుంచి పోసుకోలేదు, పెదవి పెట్టి సగం తాగింది. మిగతా సగం మొగులమ్మ చేతికి ఇచ్చింది. మొగులమ్మ గ్లాసు వైపు చూసి, నా వైపు చూసి, “తాగాల్నా బిడ్డా?” అన్నది. నేను తల ఊపాను. చుక్క మిగలకుండా తాగింది. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది సారే. ఇద్దరి మధ్యకు పోయి నిలబడి ఫొటో దిగాడు. ఆ ఒక్క నిమిషం నాకు చాలా సంతోషమైంది అన్నా. సారు మనసు మారిందేమో అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

మార్తమ్మను కారులో హైదరాబాద్ పంపించారు. మొగులమ్మను ఎవరూ పంపించలేదు, ఆమే నడిచి పోయింది. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చాను.

“ఆగు! లోపటికి తేకు దాన్ని” అని మేడం కేక పెట్టింది.

“ఎందుకు మేడం?”

“ఎందుకంటదేంది? ఎవరెవరు నోరు వెట్టిన్రో చూడలే? చింతపండు పెట్టి తోము. పెరట్ల కట్టెల పొయ్యి అంటువెట్టి, ఎర్రగయ్యేదాక కాల్చి అప్పుడు తే. దేవునికాడ పెట్టే గ్లాసు అది.”

సారు అప్పుడే లోపలికి వచ్చాడు. మెడలో దండ ఇంకా అట్లాగే ఉంది. ఫోనులో ఫొటో చూసుకుంటూ, “మస్తుగొచ్చింది ఫొటో. రేపు పేపర్ల ఏస్తరు” అన్నాడు. ఫోను మీద నుంచి కళ్లు తీయకుండానే, “గ్లాసు ముచ్చట చూసినవా?” అని మేడంను అడిగాడు. “అదే చెప్తున్న” అన్నది ఆమె. “జర మంచిగ కాల్పియ్యి” అన్నాడు.

ఎంత రోత పుట్టిందో ఎట్లా రాయాలో తెలియడం లేదు. కుళ్లిన కూర గిన్నె మూత తీసినట్టయింది. మేడం ఇచ్చిన చీరే నా ఒంటి మీద ఉంది, దాన్ని అక్కడే విప్పి పారేయాలనిపించింది. తిట్టాలంటే నాకు మాటలు రావు. ఏం చేస్తున్నానో పూర్తిగా తెలియకుండానే గడప దాటి లోపలికి పోయాను. కడగకుండా ఆ గ్లాసును ఫిల్టరు కింద పెట్టి నీళ్లు పట్టుకున్నాను. పెదవి పెట్టి తాగాను. మొత్తం తాగాను.

“నీకేమన్న దయ్యం పట్టిందానే?” అని మేడం అరిచింది.

“దూపైంది మేడం” అన్నాను. నా నోటికి వచ్చింది ఆ ఒక్క మాటే.

తర్వాత మీ బావను పిలిపించారు. సారు కూర్చునే చెప్పాడు. “శ్రీశైలం, నీ పెండ్లానికి నెత్తికెక్కింది. మేడం కాళ్లు మొక్కి, గ్లాసు కాల్చి ఇయ్యమను. లేకుంటే ఇయ్యాల్నే రూము ఖాళీ చెయ్యి.”

అన్నా, నాకు అప్పుడు సారు భయం లేదు. మీ బావ ఏమంటాడో అనే భయం. మన ఊరి మనుషుల్లో పెళ్లాం వల్ల పని పోయిందంటే ఎట్లా చూస్తారో నాకు తెలుసు. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి జరిగింది అడిగాడు. చెప్పాను. “కాలుస్తవా మరి?” అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

“అయితే మూటలు కట్టు” అన్నాడు. సారు దగ్గరికి పోయి గేటు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చాడు.

కోపం రాలేదని కాదు. స్టేషను దాకా గొణుగుతూనే ఉన్నాడు. “దూపైతే కుండ లేదా? బకెట్ లేదా? గా గ్లాసే దొరికిందా నీకు?” అంటాడు. మళ్లీ తనే, “పొయ్యిల పెట్టి కాల్చాల్నంట! నేను ఎక్కి కడిగిన ట్యాంకు నీళ్లే తాగుతున్రు కద వీళ్లు, నన్ను కాలుస్తరా?” అంటాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

తాండూరులో పాలిష్ కంపెనీలో ఆయనకు తెలిసిన మనిషి ఉన్నాడని ఆ రైలే ఎక్కాము. చూస్తే మొగులమ్మ కూడా అందులోనే ఉంది. కాళ్లు పైకి పెట్టుకుని జొన్నరొట్టె తింటోంది. మమ్మల్నీ, మూటల్నీ చూసి జరిగింది అడిగింది. గ్లాసును కాల్చమన్నారని నేను చెప్పడానికి సిగ్గుపడితే మీ బావే చెప్పాడు. ఆమె కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

“స్టేజీ మీద మార్తక్క గదే చెప్పింది, పంతులమ్మ నా చెవుల చెప్పింది. గా దేశంల నల్లోళ్లు తాగిన గ్లాసును తెల్లోళ్లు పగలగొడ్తుండిరంట. గీడ కాలుస్తున్రు. పైసలున్నోళ్లు పగలగొడ్తరు, పిసినారోళ్లు కాలుస్తరు. గంతే ఫరక్” అని పక్కున నవ్వింది. మాకు రొట్టె తుంచి ఇచ్చింది. పచ్చిమిరపకాయ తొక్కుతో ఇద్దరం తిన్నాము. పొద్దటి నుంచి ఏమీ తినలేదు కదా, అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

అప్పుడు అడిగింది. “మీరెవలోళ్లు బిడ్డా?” మా కులం చెప్పాను. “ఊరు?” దోమ మండలంలో అని చెప్పాను. “మీ ఇంటికి నేనొస్తే ఏ గ్లాసుల నీళ్లిస్తరు?”

ఎగతాళికే అడిగింది, కోపం లేదు. నేను కిటికీలో నుంచి బయటికి చూశాను. తాండూరు వచ్చేదాకా బయటికే చూశాను. దిగేటప్పుడు ఆమె నా తల నిమిరి, “ఫికర్ చెయ్యకు. దూపైతే తాగాలె” అని పోయింది.

ఇప్పుడు ఇక్కడి సంగతి. ఎటు చూసినా బండలే. మిషన్ల చప్పుడు, తెల్ల దుమ్ము. సాయంత్రం మీ బావ వస్తే కనుబొమ్మలు కూడా తెల్లబడి ముసలాయనలా ఉంటాడు. దగ్గు రాకుండా ముక్కుకు తడి బట్ట కట్టుకొమ్మంటే వినడం లేదు, నువ్వు చెప్పు. గది చిన్నది, నల్లా బయట. పక్క గదిలో ఉండే ఆమె కన్నడ మనిషి. ఆమె మాట నాకు సగమే తెలుస్తుంది, అయినా పొద్దున పొయ్యి అంటుకోకపోతే నిప్పు తెచ్చి ఇస్తుంది. ఇక్కడి కందిపప్పు త్వరగా ఉడుకుతుంది, రుచిగా ఉంటుంది, అమ్మకు కొంచెం పంపిస్తాను. కూలివాళ్లకు రొట్టెలు చేసి ఇచ్చే పని నాకు కుదిరేలా ఉంది. అప్పుడప్పుడు మీరంతా గుర్తుకొచ్చి గుబులుగా ఉంటుంది, మళ్లీ తగ్గుతుంది. మేము బాగానే ఉన్నాము. నిజంగా బాగానే ఉన్నాము. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ కుట్టిన బొంత, కొంచెం చింతకాయ తొక్కు పంపండి.

సారు ఫొటో పేపర్లో వచ్చిందట. ఇద్దరు ముసలమ్మల మధ్య దండం పెడుతూ ఉన్నాడట. ఇక్కడ చాయ్ హోటల్లో చూసి వచ్చి మీ బావ చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మామ ఆ పేపరే తెచ్చి మీకు చూపిస్తాడేమో. చూపిస్తే చూడండి. మామను తిట్టకండి, మాకు మంచి చేద్దామనే పెట్టించాడు. ఆయనకు నా దండాలు చెప్పండి. నానమ్మకు, చిన్నాయనకు, పక్కింటి పెద్దమ్మకు అందరికీ దండాలు. మీ బావ మిమ్మల్నందరినీ అడిగాడు.

అన్నా, ఒకటి అడుగుతాను. మన ఇంటి చూరు కింద గూట్లో ఒక గ్లాసు ఉంది. అంచు సొట్ట పోయింది. చేను పనికి వచ్చే ఎల్లమ్మ అవ్వది. ఆమె దాన్ని చాపితే అమ్మ చెంబు తగలకుండా పైనుంచి నీళ్లు పోస్తుంది. ఈ ఉత్తరం చదవడం అయిపోగానే ఆ గ్లాసును లోపలికి తీసుకురా. సొట్టను కొట్టి సరిచెయ్యి. మిగతా గ్లాసులతో కలిపి తోమి, కలిపి బోర్లించు. నేను వచ్చినప్పుడు మీరు నాకు నీళ్లు ఇస్తారు కదా, అది ఏ గ్లాసో నాకు తెలియకూడదు.

అమ్మ ఒప్పుకోకపోతే గొడవ పెట్టుకోకు. దాన్ని అక్కడే ఉంచు. నేను వచ్చిన రోజు అరుగు మీదే కూర్చుంటాను, నాకు అందులోనే పొయ్యమని చెప్పు.

మీ దీవెనలు మా ఇద్దరికీ ఉండాలని కోరుకుంటూ,

మీ చెల్లెలు
పద్మ